ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవ్ మధ్యమధ్యలో మాయమై మళ్ళీ వస్తుంటే: కరెంటు పోతోందా, లింకు తెగుతోందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గుంటూరు బ్రాడీపేటలో మీకు పెళ్ళిళ్ళ ఫోటో, వీడియో స్టూడియో ఉంది. రెండు టెరాబైట్ల చిన్న ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌ను, విడిగా కొన్న పొడవాటి కేబుల్‌తో, డెస్క్‌టాప్ క్యాబినెట్ ముందు వైపు నీలం పోర్టుకు తగిలించి వాడుతున్నారు. పెద్ద ఫైళ్ళు కాపీ అవుతుండగా ఉన్నట్టుండి పరికరం ఊడదీసినప్పటి శబ్దం వచ్చి డ్రైవ్ మాయమవుతోంది, కొన్ని సెకన్లకు దానంతట అదే తిరిగి వస్తోంది. ఒక్కోరోజు ఏమీ జరగదు, ఒక్కోరోజు గంటలో రెండు మూడు సార్లు జరుగుతోంది. డ్రైవ్ ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే ఆరోగ్యం 'గుడ్' అనే ఉంది. దుకాణంలో మాత్రం డ్రైవ్ పోయిందని, ఒకసారి ఫార్మాట్ చేసి చూసి, కుదరకపోతే కొత్తది కొనుక్కోమని చెప్పారు.

సూటిగా సమాధానం: ఫార్మాట్ చేయవద్దు. డ్రైవ్ పోయిందన్న మాటను ఇప్పుడే నమ్మవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా మొదటి అనుమానం ఆ పొడవాటి కేబుల్ మీద, రెండవది క్యాబినెట్ ముందు పోర్టు మీద. డ్రైవ్‌తో పాటు పెట్టెలో వచ్చిన పొట్టి కేబుల్‌ను వెతికి తీసి, డెస్క్‌టాప్ వెనుక మదర్‌బోర్డుకు నేరుగా అతికి ఉన్న నీలం పోర్టుకు తగిలించండి. విజయవాడ గవర్నరుపేటలో నేను చేసే మరమ్మతు పనిలో 'డ్రైవ్ పోయింది' అంటూ చేతికి వచ్చే ఇలాంటి వాటిలో ఎక్కువ భాగం ఈ రెండు మార్పులకే కుదుటపడుతుంటాయి. మిగిలినవాటికి కొంత ఓపిక కావాలి కాబట్టి ఈ సమాధానం పొడవుగా రాస్తున్నాను.

కేబుల్, పోర్టు మార్చిన తర్వాత పరీక్షల జోలికి పోకుండా ముందుగా డేటాను మరొక డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. పెళ్ళి వీడియో రెండోసారి తీయగలిగేది కాదు. డ్రైవ్ మంచిదే అయినా, పని మధ్యలో పదేపదే తెగితే ఫైల్ సిస్టమ్, అంటే ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే అమరిక, దెబ్బతినే ప్రమాదం ఉంది. ఎక్స్‌ఫ్యాట్ రకం ఫైల్ సిస్టమ్‌తో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌కు ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే విండోస్ మామూలుగా వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ రకంలో ఉన్నట్టు జరిగిన మార్పుల చిట్టా అందులో ఉండదు. కాపీ చేసేటప్పుడు 'కట్' చేసి 'పేస్ట్' చేయకండి, 'కాపీ' మాత్రమే చేయండి. ఒకేసారి మొత్తం డ్రైవ్‌ను లాగకుండా ఒక్కో పెళ్ళి ఫోల్డర్ చొప్పున తీసుకోండి, లేదా విండోస్‌లోనే ఉండే రోబోకాపీ వంటి కాపీ సాధనం వాడండి. అది తెగిన తర్వాత మళ్ళీ నడిపితే అప్పటికే చేరిన ఫైళ్ళను వదిలి మిగిలినవి అందుకుంటుంది. కెమెరా కార్డుల్లో ఇంకా అసలు ఫుటేజీ ఉంటే, ఇదంతా తేలేదాకా ఆ కార్డులను ఖాళీ చేయకండి. డ్రైవ్ తిరిగి వచ్చిన ప్రతిసారీ విండోస్ 'స్కాన్ చేసి సరిచేయమంటారా' అని అడిగితే ఇప్పటికి వద్దనండి. మధ్యలో తెగిపోయే డ్రైవ్ మీద ఈ సరిచేసే పని, అంటే చెక్‌డిస్క్, నడపడం వల్ల మంచి కంటే చెడు ఎక్కువ జరిగిన సందర్భాలు నేను చూశాను.

ఇక అసలు విషయానికి వద్దాం. 'డ్రైవ్ రీసెట్ అవుతోంది' అని మనం ఒకే మాటగా చెప్పుకునే దాని వెనుక రెండు వేర్వేరు సంఘటనలు ఉంటాయి. ఒకటి, డ్రైవ్‌కు అందే కరెంటు క్షణకాలం పడిపోయి, అది నిజంగానే ఆగి, మళ్ళీ మొదటి నుంచి తిరగడం మొదలుపెట్టడం. రెండు, డ్రైవ్ లోపల హాయిగా తిరుగుతూనే ఉండగా, దానికీ కంప్యూటర్‌కూ మధ్య లింకు మాత్రం తెగి మళ్ళీ కుదరడం. మొదటిదానికి కరెంటు వైపు వెతకాలి; రెండవదానికి డేటా వైపు, అంటే కేబుల్‌లోని సిగ్నల్ తీగలు, కనెక్టర్, బ్రిడ్జి చిప్ (డిస్కును యూఎస్‌బీకి కలిపే చిప్), విండోస్‌లోని డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వైపు వెతకాలి. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో తేల్చుకోకుండా ఒక్కొక్క వస్తువూ కొని మార్చుకుంటూ పోతే డబ్బు ఖర్చవుతుంది తప్ప కారణం చిక్కదు.

తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష మీ చేతివేళ్ళే. డ్రైవ్‌ను కదలని బల్ల మీద పెట్టి, కాపీ జరుగుతుండగా దాని పై మూత మీద రెండు వేళ్ళు తేలికగా ఆనించి ఉంచండి. లోపల ప్లాటర్లు, అంటే డేటా ఉండే పళ్ళాలు, తిరుగుతున్న సన్నని అదురు వేళ్ళకు తెలుస్తుంది. శబ్దం వచ్చి డ్రైవ్ మాయమైన క్షణంలో ఆ అదురు సన్నగిల్లి, 'టక్' మని ఒక చిన్న దెబ్బ తగిలినట్టు అనిపించి, ఒకటి రెండు సెకన్లకు మళ్ళీ కింది నుంచి పుంజుకుంటే కరెంటు పోయిందని అర్థం. ఆ 'టక్' అనేది కరెంటు పోగానే, డేటా చదివి రాసే హెడ్లు తమ పార్కింగ్ చోటికి వెళ్ళి పడిన చప్పుడు. అదురులో ఏ మార్పూ లేకుండా తెర మీద మాత్రం డ్రైవ్ మాయమై తిరిగొస్తే తెగింది లింకే. స్టూడియోలో ఏసీ, ఫ్యాను చప్పుడు ఎంత ఉన్నా వేళ్ళు మోసం చేయవు.

అంకెల్లో సాక్ష్యం కావాలంటే అదే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరవండి. మీరు అందులో 'గుడ్' అన్న ఒక్క మాట చూసి మూసేసినట్టున్నారు, చాలామంది చేసేది అదే. పై భాగంలో కుడివైపు 'పవర్ ఆన్ కౌంట్' అని ఒక అంకె ఉంటుంది. దానిని కాగితం మీద రాసుకోండి. కింది పట్టికలో సీ0 వరుసలో, కరెంటు అకస్మాత్తుగా పోయినప్పుడు హెడ్లు ఎన్నిసార్లు వెనక్కి వెళ్ళాయో ఉంటుంది, దానినీ రాసుకోండి. ఆ పట్టికలోని ముడి విలువలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో, అంటే అక్షరాలు కలిసిన పదహారు ఆధారపు అంకెల్లో, కనిపిస్తాయి కాబట్టి, ఫంక్షన్ మెనూలోకి వెళ్ళి దశాంశానికి మార్చుకుంటే అయోమయం ఉండదు. తర్వాత ఒకసారి రీసెట్ జరిగాక మళ్ళీ చూడండి. ఈ రెండు అంకెల్లో ఏదైనా పెరిగితే కరెంటు సమస్య. రెండూ కదలకపోతే లింకు సమస్య. సీ7 వరుస పెరుగుతుంటే మాత్రం డ్రైవ్ డబ్బా లోపల బ్రిడ్జి బోర్డుకూ డిస్కుకూ మధ్య ఉన్న లోపలి లింకులో (దీనిని సాటా అంటారు) లోపం ఉన్నట్టు. అది బయటి యూఎస్‌బీ కేబుల్ గురించి చెప్పే అంకె కాదు, ఈ సంగతి దుకాణాల్లో కూడా తరచుగా తప్పుగా చెబుతుంటారు.

మూడవ సాక్షి, విండోస్ తనలో జరిగినవి నమోదు చేసే చిట్టా అయిన ఈవెంట్ వ్యూయర్. విండోస్ లాగ్స్ కింద సిస్టమ్ తెరిచి, రీసెట్ జరిగిన సమయానికి చుట్టుపక్కల చూడండి. 157 నంబరు ఉంటే డిస్కు చెప్పాపెట్టకుండా పూర్తిగా ఊడిపోయిందని విండోస్ నమోదు చేసినట్టు. 129 ఉంటే, డిస్కు జవాబు చెప్పక విండోసే రీసెట్ పంపినట్టు. 153 ఉంటే, ఏదో ఒక చదవడమో రాయడమో తప్పి మళ్ళీ ప్రయత్నించినట్టు. 7 అంటే చెడిన బ్లాకు. మీ విషయంలో 157 ఒక్కటే కనిపిస్తుందని నా ఊహ. లినక్స్ వాడేవారైతే కెర్నల్ లాగ్‌లో ఒక చిన్న తేడా గమనించాలి: రీసెట్ అన్న వరుస వచ్చి డివైస్ నంబరు పాతదే ఉంటే లింకు మాత్రమే పునఃప్రారంభమైంది, డిస్‌కనెక్ట్ అని వచ్చి, తర్వాత కొత్త నంబరుతో నమోదైతే పరికరం నిజంగానే పూర్తిగా ఊడిపోయి కొత్తగా తగిలించినట్టు మళ్ళీ చేరింది.

కరెంటు సంగతి

కరెంటు వైపు కాస్త వివరంగా చెప్పడం అవసరం, ఎందుకంటే మీ కేసు ఎక్కువగా అక్కడే ఉంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లు ఇవ్వాలి, 3.0 నీలం పోర్టు 900 ఇవ్వాలి. రెండున్నర అంగుళాల డ్రైవ్ మామూలుగా చదివేటప్పుడు, రాసేటప్పుడు 400, 500 మిల్లీ ఆంపియర్ల చుట్టూ తీసుకుంటుంది. కానీ ఆగి ఉన్న ప్లాటర్లను తిప్పడం మొదలుపెట్టినప్పుడు దాదాపు ఒక ఆంపియర్ దాకా లాగుతుంది. నీళ్ళ మోటారు వేసినప్పుడు ఇంట్లో బల్బు ఒక్క క్షణం మందగించినట్టే, ఆ క్షణంలో పోర్టు వద్ద వోల్టేజి కుంగుతుంది. పోర్టు మంచిదైతే తట్టుకుంటుంది; లేకపోతే డ్రైవ్ లేవబోయి కూలబడి మళ్ళీ లేవబోతుంది. టీవీ వెనుక పోర్టుకు పెట్టిన డ్రైవ్ 'టిక్ టిక్' మంటూ అస్సలు తెరుచుకోకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం.

మరి తిరుగుతున్న డ్రైవ్ మధ్యలో ఎందుకు పడిపోతుంది? ఇక్కడే కేబుల్ వస్తుంది. కరెంటు మోసే తీగ సన్నగా ఉంటే, అదే కొంత వోల్టేజిని తినేస్తుంది. సన్నని 28 గేజ్ (గేజ్ అంటే తీగ లావు కొలత) రాగి తీగకు మీటరుకు 0.21 ఓమ్‌ల నిరోధం ఉంటుంది. కరెంటు వెళ్ళేందుకు ఒకటి, తిరిగి వచ్చేందుకు ఒకటి కాబట్టి మీటరు పొడవు కేబుల్‌కు 0.42 ఓమ్‌లు. ఒక ఆంపియర్ లాగిన క్షణంలో 0.42 వోల్టులు దారిలోనే పోతాయి. అంటే పోర్టు దగ్గర సరిగ్గా 5 ఉన్నా డ్రైవ్ చేతికి 4.58 మాత్రమే అందుతుంది. ఇలాంటి డిస్కులకు తయారీదారులు సాధారణంగా 5 వోల్టులకు ఐదు శాతం అటూ ఇటూ, అంటే కనీసం 4.75 ఉండాలని చెబుతారు. కేబుల్ రెండు మీటర్లయితే లెక్క ఇంకా దిగజారుతుంది. అదే 24 గేజ్ తీగ అయితే మీటరు కేబుల్‌లో పోయేది 0.17 వోల్టులే. డ్రైవ్ పెట్టెలో ఇచ్చే కేబుల్ జానెడు, రెండు జానల పొడవు మాత్రమే ఉండడం పిసినారితనం కాదు, ఈ లెక్కే. పొడవాటి కేబుల్ తప్పనిసరైతే, కవచం మీద గేజ్ అంకె ముద్రించి ఉందేమో చూసి కొనండి. అంకె తగ్గేకొద్దీ తీగ లావు పెరుగుతుంది.

బజారులో చిన్న తెర ఉన్న యూఎస్‌బీ మీటర్లు దొరుకుతాయి, పోర్టుకూ కేబుల్‌కూ మధ్య పెడితే వోల్టులు, ఆంపియర్లు చూపిస్తాయి. ఉపయోగకరమైనవే కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. చవక మీటర్లలో చాలావాటికి యూఎస్‌బీ 3.0 తీగలు ఉండవు, కాబట్టి వాటి గుండా పెడితే డ్రైవ్ 2.0 వేగానికి దిగిపోతుంది, మీ అసలు సమస్య అప్పుడు కనిపించకుండా పోవచ్చు. పైగా అవి సగటు చూపిస్తాయి. కొన్ని మిల్లీసెకన్ల కుంగుబాటు వాటికి అందదు. మీటరులో 5.0 ఉంది కాబట్టి కరెంటు బాగానే ఉందని అనుకోకండి, 4.7 కంటే తక్కువ చూపిస్తే మాత్రం నిస్సందేహంగా బాగాలేదనుకోండి.

ముందు పోర్టు సంగతి కూడా ఇదే. క్యాబినెట్ ముందు పోర్టు నుంచి మదర్‌బోర్డు దాకా లోపల ఇంకో కేబుల్ ఉంటుంది, దానికి రెండు చోట్ల కనెక్టర్లు ఉంటాయి. చవక క్యాబినెట్లలో ఆ తీగలు సన్నవి. పైగా స్టూడియోల్లో పెన్‌డ్రైవ్‌లు, కార్డ్ రీడర్లు రోజంతా పెట్టి తీసేది ఆ పోర్టుల్లోనే కాబట్టి లోపలి రేకులు వదులైపోతాయి. వెనుక పోర్టుకు మారిస్తే ఈ అదనపు గొలుసంతా తప్పుతుంది. హబ్ వాడేవారు సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడాలి. దాని అడాప్టర్ 5 వోల్టులు, 2 ఆంపియర్లే ఉండి నాలుగు పోర్టులకూ డ్రైవ్‌లు తగిలిస్తే ప్రయోజనం ఉండదు. రెండు యూఎస్‌బీ ప్లగ్గులు ఉన్న వై ఆకారపు కేబుల్‌ను ప్రమాణాలు ఒప్పుకోవు, అయినా పాత ల్యాప్‌టాప్‌ల మీద డేటా తీసుకునేందుకు నేను దానిని వాడుతూనే ఉంటాను.

మూడున్నర అంగుళాల పెద్ద డ్రైవ్‌లకు లెక్క వేరు. వాటికి 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉంటుంది, చాలావరకు 1.5 లేదా 2 ఆంపియర్లది. వన్‌టౌన్‌లో ఒక డీటీపీ, జిరాక్స్ కేంద్రం వారి డ్రైవ్ రోజులో కొన్ని వేళల్లోనే రీసెట్ అయ్యేది. వెళ్ళి కూర్చుని చూస్తే, జిరాక్స్ యంత్రం కాసేపు ఊరకుండి మళ్ళీ వేడెక్కడం మొదలుపెట్టిన ప్రతిసారీ ట్యూబులైటు రెపరెపలాడుతోంది, అదే క్షణంలో డ్రైవ్ మాయమవుతోంది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది, డ్రైవ్ అడాప్టర్ మాత్రం జిరాక్స్ ఉన్న గోడ సాకెట్‌లోనే ఉంది. అడాప్టర్‌ను యూపీఎస్‌కు మార్చాక ఆ ఫిర్యాదు మళ్ళీ రాలేదు. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే సందులో కంప్యూటర్ ఆగకుండా డ్రైవ్ ఒక్కటే రీసెట్ అయ్యే ఇళ్ళలో కూడా ఇదే జరుగుతుంది. కంప్యూటర్ లోపలి కరెంటు పెట్టె, అంటే ఎస్‌ఎంపీఎస్, ఆ కొద్దిపాటి విరామాన్ని ఓర్చుకుంటుంది, చిన్న అడాప్టర్ ఓర్చుకోలేదు. పిన్ను సరిపోయింది కదా అని వైఫై రౌటర్ అడాప్టర్‌ను డ్రైవ్‌కు పెట్టేవారు ఉన్నారు. అది 12 వోల్టులే అయినా ఒక ఆంపియర్‌దైతే డ్రైవ్ లేచేటప్పుడు చాలదు. ల్యాప్‌టాప్ అడాప్టర్ పెడితే 19 వోల్టులకు బోర్డే కాలుతుంది.

లింకు మాత్రమే తెగుతుంటే

వేళ్ళ పరీక్షలో అదురు మారకపోతే, మొదట చూడవలసింది డ్రైవ్ వైపు కనెక్టర్. మీ డ్రైవ్‌కు ఉన్నది రెండు భాగాలు అతికినట్టు వెడల్పుగా ఉండే మైక్రో బీ సాకెట్ అయి ఉంటుంది. బ్యాగులో కేబుల్ తగిలించే ఉంచి తిప్పేవారి డ్రైవ్‌లలో ఈ సాకెట్ బోర్డు మీద టంకం దగ్గర చీలుతుంది. టార్చి వేసి చూడండి: ప్లగ్గు పెట్టాక ఒక పక్కకు వాలుతోందా, లోపల రేకులు నల్లబడ్డాయా, దూది పోగుల వంటి దుమ్ము ఉందా అన్నది తెలుస్తుంది. దుమ్ము, నలుపు ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, డ్రైవ్‌కు కరెంటు లేనప్పుడు, సన్నని బ్రష్‌తో తుడవవచ్చు. చేతులకు రాసుకునే శానిటైజర్ వాడకండి, అందులో గ్లిసరిన్ వంటివి ఉండి జిగురు మిగులుతుంది. డేటా అంతా భద్రమయ్యాక మాత్రమే, కాపీ నడుస్తుండగా ప్లగ్గును వేలితో కొద్దిగా పైకీ కిందికీ తాకి చూడవచ్చు. డ్రైవ్‌ను కదపకూడదు, ప్లగ్గును మాత్రమే. తాకగానే తెగితే దోషి దొరికినట్టే.

ఇంకొక మంచి పరీక్ష ఉంది, దీనికి పాత ఆండ్రాయిడ్ ఫోను డేటా కేబుల్ చాలు. ఆ వెడల్పు సాకెట్‌లో పెద్ద భాగంలోకి మామూలు మైక్రో యూఎస్‌బీ ప్లగ్గు సరిగ్గా పడుతుంది. అలా పెడితే డ్రైవ్ యూఎస్‌బీ 2.0గా పనిచేస్తుంది, 3.0 కోసం ఉన్న అదనపు సిగ్నల్ తీగలు వాడకంలో ఉండవు. అలా పెట్టినప్పుడు రీసెట్లు పూర్తిగా ఆగిపోతే తప్పు ఆ 3.0 సిగ్నల్ దారిలోనే ఉంది; డిస్కు మీద అనుమానం వదిలేయవచ్చు. కేబుల్ మారిస్తే పోవచ్చు, లేదా సాకెట్ టంకం వేయించాలి. రీసెట్లు ఆగకపోతే కరెంటు వైపు, డిస్కు వైపు తిరిగి చూడాలి. వేగం సెకనుకు 30, 40 మెగాబైట్లకు పడిపోతుంది కాబట్టి నిండుగా ఉన్న రెండు టెరాబైట్లు ఇలా కాపీ చేయడానికి దాదాపు 16 గంటలు పడుతుంది. అయినా తెగని 16 గంటలు, ప్రతి పావుగంటకూ తెగే వేగం కంటే నయం. మరో దారి లేని డేటాను నేను చాలాసార్లు ఇలాగే బయటికి తీశాను.

కంప్యూటర్ వైపు కూడా లోపం ఉండవచ్చు. మీ ఎడిటింగ్ డెస్క్‌టాప్ ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసర్‌తో, బీ550 లేదా ఎక్స్‌570 మదర్‌బోర్డుతో ఉంటే, బయోస్ (మదర్‌బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) ఎప్పటిదో చూడండి. 500 సిరీస్ చిప్‌సెట్లలో యూఎస్‌బీ పరికరాలు మధ్యమధ్యలో తెగిపోతున్నాయని 2021 ఫిబ్రవరిలో ఏఎండీ స్వయంగా అంగీకరించింది, ఏజెసా 1.2.0.2 (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) తో కూడిన బయోస్ అప్‌డేట్లలో దిద్దుబాటు వచ్చింది. అప్పటి నుంచి బయోస్ ముట్టుకోని యంత్రాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి. మౌసు, కీబోర్డు కూడా అప్పుడప్పుడు తెగుతున్నాయా అన్నది ఇక్కడ మంచి ఆనవాలు.

పని చేయకుండా కాసేపు వదిలేసిన తర్వాత మాత్రమే మాయమయ్యే డ్రైవ్‌లది వేరే కథ. మీరు కాపీ మధ్యలో జరుగుతోందన్నారు కాబట్టి మీది అది కాదు, క్లుప్తంగా చెబుతాను. పవర్ ఆప్షన్లలో 'యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్'ను ఆపండి. డివైస్ మేనేజర్‌లో ప్రతి యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబులో, కరెంటు ఆదా కోసం ఈ పరికరాన్ని ఆపవచ్చు అన్న టిక్ తీసేయండి. ల్యాప్‌టాప్‌లలో ఇది చాలామందికి పనిచేస్తుంది. దుకాణాల్లో ప్రతి రోగానికీ ఇదే మందు వేస్తుంటారు, నిండుగా పనిచేస్తున్న డ్రైవ్ తెగిపోవడానికి దీనికి సంబంధం లేదు.

విడిగా కొన్న డబ్బాలో డిస్కు బిగించి వాడేవారికి బ్రిడ్జి చిప్ మరో అనుమానితుడు. కొత్త డబ్బాలు యూఏఎస్ అనే పద్ధతిలో ఒకేసారి అనేక ఆదేశాలు అందుకుంటాయి; విండోస్ 8 నుంచి దీనికి సొంత డ్రైవర్ ఉంది. కొన్ని చిప్‌ల ఫర్మ్‌వేర్ (చిప్‌లోనే ఉండే సాఫ్ట్‌వేర్) ఆ ఒత్తిడికి తడబడి మౌనం వహిస్తుంది, అప్పుడే ఈవెంట్ వ్యూయర్‌లో 129 వరుసగా నమోదవుతుంది. లినక్స్‌లో ఆ డబ్బాకు మాత్రమే యూఏఎస్ ఆపి పాత పద్ధతికి దించే ఏర్పాటు ఉంది. 'రాస్ప్‌బెర్రీ పై' అనే చిన్న కంప్యూటర్ వాడేవారికి ఇది బాగా పరిచయం. విండోస్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ దొరికితే చేయాలి, లేకపోతే డబ్బా మార్చడమే తేలిక.

ఒకటి మాత్రం మీకు నేరుగా సంబంధించినది కావచ్చు. రెండున్నర అంగుళాల పెద్ద సామర్థ్యపు డ్రైవ్‌లలో చాలావరకు ఎస్‌ఎంఆర్ పద్ధతివి, అంటే లోపల డేటా ట్రాకులు ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకుని ఉంటాయి. వాటిలో వందల గిగాబైట్ల ఫుటేజీని ఏకబిగిన రాస్తే, తొలుత సెకనుకు 100 మెగాబైట్లకు పైగా వేగం వస్తుంది, తర్వాత లోపలి సర్దుబాటు వెనుకబడి వేగం ఐదు, పది మెగాబైట్లకు పడిపోతుంది, ఒక్కోసారి చాలా సెకన్ల పాటు జవాబే ఉండదు. లినక్స్ మామూలుగా 30 సెకన్లు, విండోస్ 60 సెకన్లు ఎదురుచూసి రీసెట్ పంపుతుంది. కాపీ కిటికీలో వేగం గీత సున్నాకు దిగి, అక్కడే చాలాసేపు ఉండి, ఆ తర్వాతే డ్రైవ్ తెగుతుంటే ఇది అనుమానించండి. మధ్యలో అరగంట విరామమిచ్చి విడతలుగా రాస్తే సర్దుకుంటుంది. వేగం బాగా ఉండగానే ఉన్నట్టుండి తెగితే ఇది కాదు. ఇలాంటి డ్రైవ్ మీద నేరుగా ఎడిటింగ్ చేయకండి. లోపలి ఎస్‌ఎస్‌డీ మీద ఎడిట్ చేసి, పూర్తయ్యాక దీనిలో భద్రపరచుకోండి.

నిజంగా డిస్కే పోతుంటే లక్షణాలు వేరుగా ఉంటాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో పట్టికలో 05, సీ5, సీ6 వరుసల ముడి విలువలు సున్నా కాకుండా ఉండి, చూసిన ప్రతిసారీ పెరుగుతుంటాయి. ఈవెంట్ వ్యూయర్‌లో 7, 153 నంబర్లు వస్తాయి. ఎప్పుడూ ఒకే ఫైలు దగ్గర, దాదాపు ఒకే శాతం వద్ద ఆగుతుంది. ఏ కంప్యూటర్‌కు, ఏ కేబుల్‌తో పెట్టినా అక్కడే ఆగుతుంది. ఒకే చోట ఆగేది డిస్కు, ఎక్కడంటే అక్కడ తెగేది దారి అన్నది నా పనిలో బాగా నిలబడిన గుర్తు. లయబద్ధంగా గట్టిగా 'టక్ టక్' మంటుంటే ఇక పరీక్షలు వద్దు, కరెంటు తీసేసి రికవరీ చేసేవారి దగ్గరికి తీసుకువెళ్ళండి. ఎండాకాలంలో మన దగ్గర గదుల వేడి కూడా తోడవుతుంది. సీ2 వరుసలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటుతుంటే డ్రైవ్‌ను క్యాబినెట్ మీద నుంచి, తోలు పౌచి లోంచి తీసి గాలి తగిలే చోట పెట్టండి. చాలా డిస్కులకు తయారీదారు చెప్పే హద్దు 60.

డబ్బా విప్పి చూస్తామని ఎవరైనా అంటే ఒప్పుకునే ముందు ఈ సంగతి అడగండి. ఇటీవలి చిన్న డ్రైవ్‌లలో చాలావాటికి లోపల సాటా కనెక్టర్ ఉండదు, యూఎస్‌బీ సాకెట్‌ను డిస్కు బోర్డుకే నేరుగా టంకం వేస్తారు. కాబట్టి డిస్కు తీసి వేరే డబ్బాలో బిగించడం కుదరదు. కొన్నింటిలో బోర్డే డేటాను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. పాస్‌వర్డ్ పెట్టకపోయినా సరే, ఆ బోర్డు లేకుండా చదివితే అర్థంకాని గజిబిజి మాత్రమే వస్తుంది. పాత బోర్డును పారేసి కొత్తది అతికించిన డ్రైవ్‌లు నా దగ్గరికి వచ్చినప్పుడు చేయగలిగింది చాలా తక్కువ ఉంటుంది. వారంటీ ఉంటే డబ్బా విప్పగానే అదీ పోతుంది.

కారణం దొరికి, ఒక పూట నిండుగా కాపీ నడిపినా రీసెట్ రాకపోతే, అప్పుడు చెక్‌డిస్క్ ఒకసారి నడపండి. అది అయ్యాక ఇంకో పని మిగిలి ఉంటుంది: రీసెట్లు జరుగుతున్న రోజుల్లో ఈ డ్రైవ్‌లోకి చేరిన ఫైళ్ళను పరీక్షించడం. ఫైలు పరిమాణం సరిగ్గా కనిపించినంత మాత్రాన లోపల మొత్తం రాసి ఉందని కాదు. వీడియోలను ప్లేయర్‌లో తెరిచి మొదటి నిమిషం చూస్తే సరిపోదు, చివరి నిమిషానికి జరిపి చూడండి, మధ్యలో రెండు మూడు చోట్ల ఆపి చూడండి. ఎడిటింగ్ ప్రాజెక్టు ఫైళ్ళను సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్కటీ తెరిచి, మీడియా దొరకడం లేదన్న ఎర్ర తెర ఎక్కడైనా వస్తోందా గమనించండి. కార్డుల్లో అసలు ఫుటేజీ ఇంకా ఉన్న పెళ్ళిళ్ళతో మొదలుపెట్టండి, ఏదైనా పాడై ఉంటే తిరిగి తీసుకునే వీలు వాటికే ఉంది.